గట్టు దారి ఎక్కడ తెగింది?

చెన్నైలో నడిచేవాళ్లకూ సైకిలు తొక్కేవాళ్లకూ బాటలు లేకపోలేదు. ఒకదానితో ఒకటి కలవవు, అంతే. నగరాన్నీ పొరుగు జిల్లాలనూ కలిపే దారి కోసం మ్యాపు మీద కొత్త గీత గీయనక్కర్లేదు. రెండు వందల ఏళ్ల కిందటే ఎవరో నేల మీద గీసిపెట్టారు.

విజయవాడ వైపు నుంచి చెన్నై సెంట్రల్‌కు వచ్చే రైలు బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎంతో కొంత సేపు నిలబడకుండా పోవడం అరుదు. సీట్ల కింది సామాన్లు లాగి, చెప్పులు వెతుక్కుని, తలుపు దగ్గర వరస కట్టే చోటు అది. అక్కడ రైళ్ల కంటే ముందు ఆగినవి పడవలు. నెల్లూరు బియ్యం, సముద్రపు ఒడ్డున పెంచిన సరుగుడు కట్టెలు, ఉప్పు ఆ రేవులో దిగేవి. గాలి అనుకూలిస్తే పడవ మీద తెరచాప ఎత్తేవారు. లేకుంటే గడ వేసేవారు. అదీ సాగకపోతే మనిషి గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, పడవను లాక్కుంటూ నడిచేవాడు. మన కోస్తా నుంచి చెన్నపట్నానికి అలా ఒక నడక దారి ఉండేదన్నమాట. కాలువ గట్టే ఆ దారి.

కాలువ పేరు బకింగ్‌హాం. 1806లో మదరాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువతో మొదలైంది. పోనుపోను ఉత్తరాన చీరాల దిగువనున్న పెదగంజాం దాకా, దక్షిణాన పుదుచ్చేరి దగ్గరి మరక్కాణం దాకా పెరిగింది. మొత్తం 420 కిలోమీటర్లు. అందులో 257 మన వైపు, 163 తమిళనాడులో. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ అందుకుంటుంది. అక్కణ్ణుంచి కృష్ణా, గోదావరి డెల్టా కాలువల మీదుగా కాకినాడ వరకూ నీటి దారే. అంతా కలిపితే 796 కిలోమీటర్లు. చెన్నై నడిబొడ్డున కూవం నదినీ అడయారు నదినీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్కను 1876-78 నాటి ధాత కరువులో తవ్వించారు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపడానికి. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు 1878లో దానికి పెట్టారు. తవ్వినవాళ్లు ఎవరో ఎక్కడా రాసిలేదు.

1960-61లో కూడా ఈ కాలువ మీద వెయ్యికి పైగా పడవలు తిరిగాయి. రెండు లక్షల టన్నులకు మించిన సరుకు సాగింది. 1965, 66 తుపాన్లు గట్లను కోసేశాయి. లారీలు పెరిగాయి. 1976 తుపాను మిగిలినదాని పని పట్టింది. నగరం లోపల కాలువ మురుగు కాలువైంది. 1990ల్లో ఎంఆర్‌టీఎస్ రైలు వచ్చింది. చెన్నైవాళ్లు దాన్ని ‘పరక్కుం రయిల్’ అంటారు, ఎగిరే రైలని. ఎగరడానికి దానికి కాళ్లు కావాలి కదా, ఆ కాళ్లు కాలువలో దించారు. తిరువల్లికేణి నుంచి కొట్టూరుపురం దాకా స్టేషన్ల వరస చూస్తే కింద కాలువ ఎటు పోతోందో పై నుంచే చెప్పొచ్చు.

2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ-పుదుచ్చేరి కాలువలనూ, గోదావరి, కృష్ణలలో కొంత భాగాన్నీ కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. చెన్నై లోపల రైలు స్తంభాల మధ్య సరుకు పడవ ఎలా తిరుగుతుందో ప్రకటించినవాళ్లకే తెలియాలి. నడిచే మనిషికి మాత్రం స్తంభం అడ్డు కాదు. ఎండాకాలం చెన్నైలో ఉన్నవాళ్లకు తెలుసు, పది గంటల తర్వాత నీడ ఎంత అవసరమో. ఈ రైలు వంతెన పొడవునా నీడ ఉంది. అమెరికాలో మయామీ నగరం తన ఎగువ రైలు మార్గం కింది ఖాళీ జాగాను పది మైళ్ల నడక, సైకిలు దారిగా మారుస్తోంది. పేరు అండర్‌లైన్. మొదటి ముక్క 2021లో తెరిచారు. వాళ్లకు పైన రైలు ఒకటే ఉంది. ఇక్కడ పైన రైలు, కింద నీరు, రెండు పక్కలా ఊరు, రెండు చివర్లా రెండు నదులు ఉన్నాయి.

2014 నాటి కాగితం

నడక గురించి చెన్నై పట్టించుకోలేదంటే అబద్ధమవుతుంది. 2014లో చెన్నై కార్పొరేషన్ మోటారు లేని రవాణాకు ఒక విధానాన్ని ఆమోదించింది. దేశంలో ఒక నగరం ఇలాంటిది పెట్టుకోవడం అదే మొదలు. తయారీలో ఐటీడీపీ అనే సంస్థ తోడుంది. కార్పొరేషన్ రవాణాకు పెట్టే డబ్బులో కనీసం 60 శాతం నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం ఖర్చు కావాలని అందులో రాసుకున్నారు. 2018 నాటికి నూటికి 80 వీధుల్లో కాలిబాటలుండాలి, నడక, సైకిలు కలిపి ప్రయాణాల్లో 40 శాతం కావాలి, నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు రోడ్డు మీద ఒక్కరు కూడా చనిపోకూడదు. ఇవీ లక్ష్యాలు.

2018 వచ్చి వెళ్లింది. లక్ష్యాలు కాగితం మీదే ఉన్నాయి. అలాగని ఏమీ జరగలేదనడం కూడా సరికాదు. బస్సులు తిరిగే పెద్ద రోడ్ల మీద దాదాపు వంద కిలోమీటర్ల మేర కాలిబాటలు వెడల్పయ్యాయి. 2014లో బెసెంట్ నగర్‌లో ఆదివారం పొద్దున వాహనాలు ఆపి వీధిని పిల్లలకు, పెద్దలకు వదిలిన కార్యక్రమం జనంతో కిటకిటలాడింది. కొలంబియా రాజధాని బొగొటాలో ఇలాంటి ఆదివారాలు 1974లో మొదలయ్యాయి, ఇప్పుడు ప్రతి ఆదివారమూ వంద కిలోమీటర్లకు పైగా వీధులు వాహనాలకు మూసేస్తారు. అక్కడ వీధికి వీధి తోడైంది. ఇక్కడ అంతగా పెరగలేదు.

చెన్నై కాలిబాట ఎక్కడ తెగుతుందో తెలుసుకోవాలంటే ఏ పెద్ద రోడ్డు మీదైనా పది నిమిషాలు నడిస్తే చాలు. చదును రాయి పరిచిన బాట ఒక ఈబీ (కరెంటు బోర్డు) పెట్టె దగ్గర సగమవుతుంది. తర్వాత ఒక దుకాణం లోపలికి బైకులు ఎక్కించుకోవడానికి సిమెంటు పోసి వాలు కట్టి ఉంటుంది, అక్కడ బాట దిగాలి. దిగగానే మెట్రో తవ్వకాల రేకు గోడ. ఇక రోడ్డే గతి. చేతికర్రతో నడిచే మనిషికైతే ఒక్క మెట్టు ఎత్తు తేడా వచ్చినా నడక అక్కడితో సరి. భారత రోడ్డు కాంగ్రెస్ 2012లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం అడ్డు లేని నడక జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా దాటగల వెడల్పు అది. కొలిచి చూస్తే చెన్నైలో చాలా బాటలు మొత్తం వెడల్పులో దీన్ని అందుకుంటాయి. అడ్డు లేని వెడల్పులో అందుకోవు. గుత్తేదారు బిల్లులో పడేది మొదటి లెక్క, నడిచేవాడికి కావలసింది రెండోది.

పానగల్ పార్కు నుంచి బయల్దేరితే

తెలుగువాళ్లకు మదరాసు నడక అనగానే మనసులోకి వచ్చేది టి.నగర్. పేరే పిట్టి త్యాగరాయ చెట్టిది. నడుమనున్న పార్కు పానగల్ రాజా రామరాయణింగారిది. తెలుగు సినిమా మదరాసులో ఉన్న కాలంలో అవకాశాల కోసం తిరిగిన కవులు, నటులు, సహాయ దర్శకులు ఈ పార్కుకూ పాండీ బజారుకూ మధ్య అరగదీసిన చెప్పులకు లెక్కలేదు. చేతిలో డబ్బుల్లేనివాడికి నడకే వాహనం. ఏ కంపెనీ ఆఫీసుకైనా నడిచి చేరగలిగిన ఊరు కాబట్టే బతికారు వాళ్లు.

ఆ పాండీ బజారునే, అంటే సర్ త్యాగరాయ రోడ్డునే, నగరం తన నడక విధానానికి నమూనాగా ఎంచుకుంది. 2016లో వాహనాలను మళ్లించి ప్రయోగం చేసి చూపారు. వ్యాపారులు భయపడ్డారు. కారు నిలిపే జాగా లేకపోతే కొనేవాడు రాడన్నది వాళ్ల వాదన, ప్రపంచంలో ఏ బజారులోనైనా మొదట వినపడేదే. చిరువ్యాపారులను అంతకు ముందే కోర్టు తీర్పులతో పక్కనున్న సముదాయంలోకి తరలించేశారు. 2019 నవంబరులో, దాదాపు 40 కోట్ల రూపాయల ఖర్చుతో, వెడల్పాటి కాలిబాటల ప్లాజా తెరుచుకుంది.

ఇప్పుడు సాయంత్రం అక్కడికి వెళ్తే సంగతి కళ్లకు కడుతుంది. రాతి బెంచీల మీద చీరల సంచులు పక్కన పెట్టుకుని కుటుంబాలు కూర్చుని ఉంటాయి. కొనడం అయిపోయినా లేచిపోరు. పిల్లలు పరుగెడుతుంటే వెనక పరుగెత్తే తల్లి ఉండదు, బాట అంత వెడల్పు. ఏమీ కొనని ముసలివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు, ఎవరూ లేవమనరు. కారు నిలిపే జాగా తగ్గినా బజారు ఖాళీ కాలేదు. నా దృష్టిలో చెన్నై ఈ పదేళ్లలో చేసిన మంచి పనుల్లో ఇదొకటి. ఆక్షేపణ ఒకటే: రోడ్డు మధ్యలో వాహనాలు మామూలుగానే పోతున్నాయి, పక్కవీధులు మామూలుగానే ఉన్నాయి.

2023 మే నెలలో మాంబళం రైల్వే స్టేషన్ నుంచి టి.నగర్ బస్టాండు దాకా 570 మీటర్ల ఆకాశ వంతెన తెరిచారు. రంగనాథన్ వీధి తొక్కిసలాట పైనుంచి దాటి పోవచ్చు. అదీ బాగుంది. వంతెన దిగిన చోటికీ ప్లాజా మొదలయ్యే చోటికీ మధ్య దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. ఆ కిలోమీటరు ఉస్మాన్ రోడ్డు. దీపావళి ముందు అక్కడ నడిచినవాళ్లకు వివరించనక్కర్లేదు. ఈ కొసనా ఆ కొసనా కోట్లు పోశారు, నడుమనున్న కిలోమీటరు ఎవరి పద్దులోనూ లేదు.

టి.నగర్ ఒకప్పుడు చెరువు. మైలాపూరు వైపు నుంచి నుంగంబాక్కం దాకా వంపు తిరిగి పడుకున్న ఆ పెద్ద చెరువును పూడ్చి 1920ల్లో ఈ పేట కట్టారు. లేక్ వ్యూ రోడ్డు పశ్చిమ మాంబళంలో ఇప్పటికీ ఉంది, లేక్ లేదు. చెరువు నీళ్లు పోయే కాలువ మాత్రం మాంబళం కాలువ అనే పేరుతో పేట మధ్యలోంచి అడయారు నదికి పోతోంది. ఆ గట్టున నడక దారి, సైకిలు దారి వేస్తామని స్మార్ట్ సిటీ పథకంలో పెట్టారు. పని సాగుతుండగానే 2021 నవంబరు వానలు వచ్చాయి, టి.నగర్ మునిగింది. కట్టుబడి చెత్త కాలువకు అడ్డుపడిందన్న ఆరోపణ రాజకీయమైంది, స్మార్ట్ సిటీ పనుల మీద విచారణ కమిషన్ వేశారు. అందం మాట పోయి కాలువ లోతు మాట పైకొచ్చింది.

గట్టు దారులు కోరేవాళ్లం ఈ సంఘటనను దాటేసి పోకూడదు. కాలువ ముందు నీళ్లది. దక్షిణ బకింగ్‌హాం కాలువ పని పళ్లికరణై చిత్తడి నేల నుంచి ఒక్కియం మడుగు మీదుగా వచ్చే వరద నీటిని ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలపడం. దాని పొట్టలో కాంక్రీటు బాట పోసి సైకిలు దారి అంటే వేళచ్చేరి ఇళ్లలోకి నీళ్లు రమ్మన్నట్టే. పాతకాలంలో తాడు లాగినవాళ్లు నడిచింది మట్టి గట్టు మీద, నీటి మట్టానికి పైన. ఇప్పుడైనా దారి ఉండాల్సింది అక్కడే.

సైకిలు ఎవరిది?

తెల్లవారుజామున తూర్పు తీర రోడ్డు మీద మహాబలిపురం వైపు సైకిళ్ల గుంపులు పోతుంటాయి. హెల్మెట్లు, మెరిసే చొక్కాలు, లక్ష రూపాయల సైకిళ్లు. వాళ్ల వల్ల మంచే జరిగింది, సైకిలు పేదరికం గుర్తు కాదని మధ్యతరగతి పిల్లలకు తెలిసింది. 2021లో ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ కూడా ఆ రోడ్డు మీద సైకిలు తొక్కి పేపర్లకెక్కారు. అయితే సైకిలు దారి ప్రణాళిక అనగానే సమావేశాల్లో ముందు వరసలో కూర్చునేది వీళ్లే కావడం నాకు కొంచెం ఇబ్బంది.

అదే వేళకు నగరంలో ఇంకో రకం సైకిళ్లు బయల్దేరతాయి. పాల ప్యాకెట్లవాడు, పేపరు కుర్రాడు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, హ్యాండిలుకు టీ డబ్బా కట్టుకున్న మనిషి. చేపలకూ నీళ్ల క్యాన్లకూ మూడు చక్రాల ‘మీన్‌బాడీ’ బండి. వాళ్లెవరికీ సైకిలు వ్యాయామం కాదు. వాళ్ల దారి మహాబలిపురానికి పోదు, తరమణి గదుల నుంచి ఓఎంఆర్ రోడ్డు ఐటీ కంపెనీల గేటుకు పోతుంది, తండయార్‌పేట నుంచి హార్బరుకు పోతుంది.

1970లో మదరాసులో జరిగే ప్రయాణాల్లో సుమారు ఐదో వంతు సైకిలు మీదే. 2008 సర్వే నాటికి అది 6 శాతం. నడక మాత్రం 28 శాతం దగ్గర నిలిచింది. హెర్క్యులస్, బీఎస్ఏ సైకిళ్లు తయారుచేసి దేశమంతటికీ పంపిన కార్ఖానా ఈ నగరపు అంబత్తూరులోనే 1949 తర్వాత వెలసిందని గుర్తు చేసుకుంటే ఈ పతనం మరీ వింతగా ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం ఇరవై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో పదకొండో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లు పంచుతోంది. మన దగ్గర ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చారు. పల్లెల్లో ఆ సైకిళ్లు బళ్లకు చేరాయి. నగరంలో సైకిలు ఇచ్చిన ప్రభుత్వం, దాన్ని ఎక్కడ తొక్కాలో చెప్పలేదు. పదహారేళ్ల పిల్లను అణ్ణా సాలై మీద సైకిలుతో పంపే తల్లి ఎవరు?

దారి ఎక్కడ వేయాలో తేల్చడానికి విదేశీ కన్సల్టెంట్ల కంటే ఈ పిల్లలూ, నీళ్ల క్యాన్ల మనుషులూ ఎక్కువ చెప్పగలరు. నగరంలో 200 వార్డులున్నాయి. 2022 తర్వాత వార్డు కమిటీలు, వాటి కింద ఏరియా సభలు ఏర్పడ్డాయి. వీధి దీపం, డ్రైనేజీ మూత అడిగే చోట్లవి. అక్కడ పేట మ్యాపు పరిచి, నువ్వు రోజూ ఎటు నుంచి ఎటు నడుస్తావు, ఎక్కడ భయపడతావు, ఎక్కడ గోడ దూకుతావు అని అడిగి గీయించుకుంటే సగం ప్రణాళిక అయిపోయినట్టే. చెన్నైలో గోడలు దూకే చోట్లు చాలా ఉన్నాయి. కస్తూరిబా నగర్, ఇందిరా నగర్ ఎంఆర్‌టీఎస్ స్టేషన్ల దగ్గర కాలువ గట్టున నడిస్తే అక్కడక్కడా గోడ విరిగి, విరిగిన చోట ఇటుకలు కాళ్ల రాపిడికి నున్నబడి కనిపిస్తాయి. ఇంజనీరు గీసిన దారి ఒకటైతే జనం నడిచే దారి అది. ఈ పేటల నివాసుల సంఘాలే కాలువను బాగు చేసి గట్టున నడక దారి వేయాలని ప్రతిపాదనలు తయారుచేసి కార్పొరేషన్ చుట్టూ తిరిగాయి. చెత్త వేరు చేయడంతో మొదలుపెట్టిన సంఘాలు కాలువ దాకా వచ్చాయి. ఆ ఓపికే కావాలి.

గట్టు మీది మనుషులు

ఇక్కడ తేలిగ్గా మింగుడుపడని విషయం ఒకటుంది. నదుల గట్లు, కాలువ గట్లు ఖాళీగా లేవు. కూవం, అడయారు, బకింగ్‌హాం ఒడ్డున దశాబ్దాలుగా వేల కుటుంబాలు బతికాయి. 2015లో మంజూరైన 604 కోట్ల కూవం పునరుద్ధరణ పథకంలో నడక దారులు, సైకిలు దారులు కూడా ఉన్నాయి. దాని కోసం ఒడ్డున ఉన్నవాళ్లను వేల సంఖ్యలో పెరుంబాక్కం, కన్నగి నగర్ లాంటి చోట్లకు తరలించారు, ఉన్న చోటి నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరానికి. ఆ మనుషులు నగరంలో అందరికంటే ఎక్కువ నడిచేవాళ్లు. చింతాద్రిపేటలో ఇల్లు, పక్క వీధిలో ఇంటి పని, ఎదుట బడి. పెరుంబాక్కం వెళ్లాక పనికి రెండు బస్సులు మారాలి.

నడిచేవాళ్లను లేపి నడక దారి వేయడం ఎలాంటి ప్రణాళిక? వరద ప్రమాదం నిజమే, 2015 డిసెంబరు అడయారు వరద చూసిన ఎవరూ ఒడ్డునే ఉండనిమ్మని వాదించలేరు. కానీ పక్క వీధిలో ఇల్లు చూపడం వేరు, ఊరవతల పడేయడం వేరు.

చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనవాళ్లే. ఊరు నిద్ర లేవకముందే చీపురు పట్టుకుని వీధిలో ఉండాలి వాళ్లు. ఆ వేళకు బస్సు దొరకని పేటల నుంచి నడిచే వస్తారు. దీపం లేని కాలిబాట, తెరిచి ఉన్న మాన్‌హోలు వాళ్లకు రోజువారీ ప్రమాదాలు. చెన్నైలోని తెలుగు సంఘాలు ఉగాదికి, త్యాగరాజ ఆరాధనకు వేదికలెక్కుతాయి. మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో సభలు జరుగుతాయి. వార్డు సభలో కాలిబాట గురించి ఈ మనుషుల తరఫున ఒక అర్జీ పెట్టడం కూడా తెలుగు పనే.

ఒక న్యాయమూర్తి నడక

కాలువ గట్టు ప్రాంతీయ దారిగా మారడం ఊహల్లో మాట కాదు. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలను అడగండి, శని, ఆదివారాల్లో సీ అండ్ ఓ కాలువ గట్టు మీద సైకిలు తొక్కనివాళ్లు తక్కువ. పోటోమాక్ నది వెంట 184.5 మైళ్ల కాలువ అది. పడవలను కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ లాగేవి. 1924 వరద తర్వాత పడవలు ఆగిపోయాయి. 1950ల్లో ఆ కాలువ వెంట కార్ల రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది, వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954 జనవరిలో ఆ పత్రికకు ఉత్తరం రాశారు: రండి, నాతో నడిచి చూశాక రాయండి అని. సంపాదకులు వచ్చారు. మార్చిలో కంబర్లండ్ నుంచి బయల్దేరిన గుంపులో చివరిదాకా నడిచినవాళ్లు తొమ్మండుగురే. పత్రిక అభిప్రాయం మార్చుకుంది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైంది. తర్వాత పాత రైలు దారి ఒకటి దానికి ముడిపడి ఇప్పుడు పిట్స్‌బర్గ్ దాకా పోవచ్చు.

నాకు ఈ కథలో నచ్చేది న్యాయమూర్తి గొప్పతనం కాదు. దారి వేయాలా రోడ్డు వేయాలా అన్న వాదన నడిచి చూశాక తేలింది, అది. చెన్నైలో సముద్రపు ఒడ్డున ఇలాంటిదే జరిగింది. మెరీనా లైట్‌హౌస్ నుంచి కొట్టివాక్కం వైపు తీరం వెంబడి ఎత్తయిన రోడ్డు వేస్తామన్నప్పుడు ఊరూరు కుప్పం లాంటి జాలరిపేటలు, ‘రీక్లెయిమ్ అవర్ బీచెస్’ అనే యువకుల బృందం తీరం మీదికే జనాన్ని పిలిచి చూపించాయి. ఆ రోడ్డు పడలేదు. వద్దనడంలో కలిసినవాళ్లు కావాలనడంలోనూ కలిస్తే ఎలా ఉంటుందో చెన్నై ఇంకా చూడలేదు.

మన నగరాల సంగతికొస్తే, హైదరాబాద్ 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచింది, పైన సోలార్ పలకల కప్పు. చూడముచ్చటగా ఉంది. దాని దాకా చేరడానికి మాత్రం చాలామంది సైకిలును కారుకు కట్టుకుని పోవాలి. విశాఖ ఖర్చు లేకుండా మెరుగైన పని చేస్తోంది: పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీదికి వాహనాలు రానివ్వరు. బారికేడ్లు, ఇద్దరు పోలీసులు, అంతే పెట్టుబడి. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యలోంచే పోతున్నాయి. అక్కడి సంగతి విజయవాడ వాళ్లు రాయాలి.

ముడులు వేసే పని

చెన్నైకి ఇప్పుడు అవకాశం రెండు వైపుల నుంచి వస్తోంది. మహానగర ప్రాంతాన్ని 2022లో 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచారు. 2027 నుంచి 2046 దాకా అమలయ్యే మూడో మాస్టర్ ప్లాన్‌కు జనాభిప్రాయం సేకరించారు. ప్లానులో రింగు రోడ్లు ఎలాగూ ఉంటాయి. పులికాట్ వైపు నుంచి ఎన్నూరు, బేసిన్ బ్రిడ్జి, మైలాపూరు, తిరువాన్మియూరు మీదుగా ముట్టుకాడు, మహాబలిపురం దాకా కాలువ గట్టును ఒకే నడక, సైకిలు దారిగా గుర్తించి, నేల వాడకం పటంలో ఒక్క గీత వేయించగలిగితే చాలు. కట్టడం ముక్కలు ముక్కలుగా ఇరవై ఏళ్లు పట్టినా ఫరవాలేదు. గీత ఉంటే దాని మీద గోడ లేవదు, గీత లేకపోతే ఏ ముక్కా పక్క ముక్కను చేరదు. ఆ దారి పులికాట్ దాటితే తడ, సూళ్లూరుపేట మన వైపే.

రెండోది మెట్రో. రెండో దశలో మాధవరం నుంచి సిప్‌కాట్ దాకా పోయే మార్గం మైలాపూరు, మందవెళి, అడయారు, ఇందిరా నగర్, తిరువాన్మియూరుల్లో కాలువకు కూతవేటు దూరంలో సాగుతుంది. ఆ రోడ్లన్నీ ఇప్పటికే తవ్వి ఉన్నాయి. స్టేషన్ కట్టాక రోడ్డు తిరిగి వేయక తప్పదు, డబ్బు అప్పటికే కేటాయించి ఉంటుంది. స్టేషన్ ద్వారం నుంచి కాలువ గట్టు దాకా మూడు వందల మీటర్లో, ఐదు వందల మీటర్లో దారి వేయడం ఆ పనిలో కలిపేస్తే ప్రత్యేకంగా పథకం అక్కర్లేదు. అడయారు నది దాటడానికి సైకిళ్లకు వేరే వంతెన కావాలి. అది ఖరీదైన పనే. లజ్ దగ్గర కచేరీ రోడ్డును, దక్షిణాన లాటిస్ బ్రిడ్జి రోడ్డును దాటే చోట్ల సిగ్నలు చాలు.

అయితే తవ్విన రోడ్డును తిరిగి వేసే టెండర్లు పాత కొలతలతోనే పిలవడం ఇక్కడ రివాజు. ముందెంత వెడల్పు బాట ఉందో అంతే వేస్తారు, ఈబీ పెట్టె మళ్లీ నడుమనే వస్తుంది. టెండరు పిలిచాక అర్జీలు పెడితే లాభం లేదు. మందవెళి, అడయారు వార్డుల్లో తర్వాతి ఏరియా సభకు వెళ్లేవాళ్లు, రోడ్డు తిరిగి వేసే నక్షాలో అడ్డు లేని కాలిబాట ఎన్ని మీటర్లు చూపారో, గట్టు వైపు దారి చూపారో లేదో ఇంజనీరుగారిని అడిగి, జవాబును సభ తీర్మానంలో రాయించుకుని రావాలి.